మంచి మార్కులు తెచ్చిన పిల్లలకు బహుమానము ఇవ్వవచ్చా?

ఈ నెల ఆరోగ్య పాఠము – తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు



బి.పి., షుగరు, బాలింతల సంరక్షణ గూర్చి వ్రాసే ఈ పేజీలో మార్కుల సంగతి ఎందుకు వచ్చిందని మీరు అనుకోవచ్చు. కారణము ఉంది.

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలు మా ఓ.పి.కి వస్తారు. తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు, నిద్ర పట్టడం లేదని చెబుతారు. రక్తపరీక్ష, స్కానింగ్ అన్నీ మామూలుగానే ఉంటాయి. తల్లిని కాసేపు బయట కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే అసలు మాట బయటపడుతుంది. ఇన్ని మార్కులు వస్తే ఫోను, అన్ని మార్కులు వస్తే బండి అని ఇంట్లో అనుకున్నారు. అంత రావేమోనని బిడ్డకు భయము.

తరువాత ఏప్రిల్, మే నెలల్లో ఫలితాలు వస్తాయి. అప్పుడు క్యాజువాలిటీకి మరి రెండు రకాల పిల్లలు వస్తారు. బహుమానంగా వచ్చిన బండి మీద నుండి పడినవారు కొందరు. అనుకున్న మార్కులు రాక, ఇంట్లో ముఖము చూపించలేక తమకు తామే హాని చేసుకున్నవారు మరికొందరు.

బహుమానము ఎవరైనా మంచి మనసుతోనే ఇస్తారు. అయితే మందుకు మోతాదు, వేళ, పథ్యము ఉన్నట్లే బహుమానానికీ ఉన్నాయి. అవి తెలుసుకొని ఇస్తే మేలు చేస్తుంది. తెలియక ఇస్తే కీడు చేస్తుంది.

ఈ పాఠములో నేర్చుకొనే విషయాలు:
1. మెప్పుకు, పందేనికి, ఆసరాకు ఉన్న తేడా
2. బహుమానాలను గూర్చి పరిశోధకులు కనుగొన్న సంగతులు
3. ఇవ్వకూడని బహుమానాలు
4. ఇవ్వదగినవి, పలకవలసిన మాటలు
5. మార్కులు రాని బిడ్డ యెడల మనము చేయవలసినది

1. మెప్పు, పందెము, ఆసరా

మనము బహుమానము అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు సంగతులను పిలుస్తున్నాము. ముందుగా వాటిని విడదీసి చూద్దాము.

మెప్పు: పని పూర్తయిన తరువాత, ముందుగా ఏమీ చెప్పకుండా, సంతోషముతో ఇచ్చేది. సంవత్సరమంతా కష్టపడ్డాడని పరీక్షలు ముగిసిన సాయంత్రము అబ్బాయిని సముద్రము ఒడ్డుకు తీసుకువెళ్తే అది మెప్పు.

పందెము: "ఫస్టు వస్తే వాచీ, 550 దాటితే ఫోను" అని ముందే మాట పెట్టుకోవడము. దీనిలో రెండో సగము కూడా దాగి ఉంటుంది. రాకపోతే ఏమీ లేదు. పెద్దలు ఆ మాట పైకి అనకపోయినా పిల్లలకు వినబడుతుంది.

ఆసరా: చదువుకు అడ్డము వచ్చే ఇబ్బందిని తీసివేయడము. కేంద్ర ప్రభుత్వము 2008లో ప్రారంభించిన నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ దీనికి మంచి ఉదాహరణ. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో ఎనిమిదో తరగతి చదువుతూ, సంవత్సర ఆదాయము మూడున్నర లక్షలు మించని కుటుంబాల పిల్లలు దీనికి పరీక్ష వ్రాస్తారు. ఎంపికైన వారికి తొమ్మిదో తరగతి నుండి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఎనిమిది తరువాత పిల్లలు కూలికి, పత్తి చేలకు పోయి బడి మానకూడదన్నదే దీని ఉద్దేశము. దీనిని మార్కులకు కట్టిన వెలగా చూడకూడదు. మార్కులు తెచ్చిన బిడ్డ ముందుకు నడవడానికి దారిఖర్చు ఇది. మీ ఇంట్లో ఎనిమిది చదువుతున్న బిడ్డ ఉంటే ప్రధానోపాధ్యాయుని ఇప్పుడే అడగండి.

మెప్పు మంచిది. ఆసరా ఇంకా మంచిది. జాగ్రత్త అవసరమైనది పందెము విషయములోనే.

2. పరిశోధకులు ఏమి కనుగొన్నారు?

బొమ్మలు గీసే పిల్లలు: 1973లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శిశు పాఠశాలలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు ఒక పరీక్ష చేశారు. రంగు పెన్నులతో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే 3 నుండి 5 సంవత్సరాల పిల్లలను ఎంచుకొని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు "బొమ్మలు గీస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాము" అని ముందే చెప్పారు. రెండవ గుంపుకు ఏమీ చెప్పకుండా, గీసిన తరువాత అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మూడవ గుంపుకు ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తరువాత బహుమానము ఊసు లేకుండా అవే పెన్నులు తరగతి గదిలో పెట్టి చూశారు. ముందుగా ఆశ చూపిన గుంపు పిల్లలు బొమ్మలతో గడిపిన సమయము మిగతా వారితో పోలిస్తే సగమే. చెప్పకుండా ఇచ్చిన గుంపులో ఇష్టము ఏమీ తగ్గలేదు. ఒకే సర్టిఫికెట్, పందెముగా ఇస్తే ఇష్టాన్ని తగ్గించింది, మెప్పుగా ఇస్తే తగ్గించలేదు.

డబ్బు ఇచ్చిన బడులు: రోలాండ్ ఫ్రయర్ అనే ఆర్థిక శాస్త్రవేత్త అమెరికాలోని కొన్ని పెద్ద నగరాల బడులలో పిల్లలకు నిజంగానే డబ్బు ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. న్యూయార్క్‌లో పరీక్షలలో వచ్చిన మార్కులకు, షికాగోలో తరగతి గ్రేడులకు డబ్బు ఇచ్చారు. అయినా చదువులో చెప్పుకోదగిన మెరుగుదల కనబడలేదు. డాలస్‌లో రెండో తరగతి పిల్లలకు మాత్రము మార్కుల మాటే ఎత్తలేదు. ఒక పుస్తకము చదివి, చదివినట్లు చిన్న పరీక్షలో చూపిస్తే 2 డాలర్లు ఇచ్చారు. ఆ పిల్లలలో చదివినదానిని అర్థము చేసుకొనే శక్తి పెరిగింది.

ఎందుకు ఇలా జరిగింది? న్యూయార్క్ పిల్లలను "ఇంకా ఎక్కువ డబ్బు రావాలంటే ఏమి చేస్తావు?" అని అడిగారు. ప్రశ్నను సరిగ్గా చదువుతాను, జవాబు మరలా చూసుకుంటాను అన్నారు తప్ప, టీచరును అడుగుతాను, ఇంటి దగ్గర ఎక్కువసేపు చదువుతాను అన్నవారు లేరు. వారికి ఆశ ఉంది. దారి తెలియదు. డాలస్ పిల్లలకు దారి చేతిలోనే ఉంది: పుస్తకము తెరిచి చదవడము.

కెన్యా ఆడపిల్లలు: పందెము ఎప్పుడూ పనిచేయదని కూడా అనలేము. తరువాత 2019లో నోబెల్ బహుమతి పొందిన మైఖేల్ క్రెమర్, ఆయనతోటివారు 2001 నుండి కెన్యాలోని రెండు జిల్లాలలో ఆరో తరగతి ఆడపిల్లలకు స్కాలర్‌షిప్ పెట్టి పరిశీలించారు. మొదటి 15 శాతములో నిలిచినవారికి రెండేళ్ళ పాటు ఫీజు, పుస్తకాలు, బట్టలకు డబ్బు ఇచ్చారు. బుసియా అనే జిల్లాలో ఆడపిల్లల మార్కులు పెరిగాయి. ఉపాధ్యాయులు బడికి వచ్చే రోజులు పెరిగాయి. స్కాలర్‌షిప్ రాని మగపిల్లలు కూడా బాగుపడ్డారు. రెండవదైన టెసో జిల్లాలో అటువంటి మేలు స్పష్టంగా కనబడలేదు. బుసియాలో జరిగినది గమనించండి. బహుమానము ఒక్క పిల్లకు వచ్చినా, దాని కొరకు టీచర్లు, తల్లిదండ్రులు అందరూ కదిలారు. ఆ బహుమానము కూడా చదువు సాగడానికి ఆసరాయే.

మెచ్చుకొనే మాటలు: 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు అయిదో తరగతి పిల్లలకు కొన్ని లెక్కలవంటి చిక్కులు ఇచ్చారు. చేసిన తరువాత కొందరిని "నీవు చాలా తెలివిగలవాడివి" అన్నారు. మరికొందరిని "నీవు బాగా కష్టపడ్డావు" అన్నారు. తరువాత ఏ చిక్కు కావాలో ఎంచుకోమంటే తెలివిగలవారు అనిపించుకున్న పిల్లలలో ఎక్కువమంది తప్పు రాని సులువైనదే కోరుకున్నారు. కష్టమైనది ఇచ్చి ఓడిపోయేలా చేసినప్పుడు వారే ఎక్కువగా డీలాపడ్డారు. తమకు వచ్చిన మార్కులు వేరే పిల్లలకు వ్రాసి చెప్పమంటే వారిలోనే ఎక్కువమంది మార్కులు పెంచి వ్రాశారు. మాట కూడా బహుమానమే. దానికీ మోతాదు ఉంది.

3. పనికి ఇవ్వాలా, ఫలితానికి ఇవ్వాలా?

"మేము పనిచేస్తే జీతము వస్తుంది, పండుగకు బోనస్ వస్తుంది. పిల్లవాడు చదివితే ఇవ్వడములో తప్పేమిటి?" అని కొందరు తండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని జీతము దేనికి ఇస్తున్నారో చూడండి. స్టాఫ్ నర్సుకు డ్యూటీ చేసినందుకు జీతమిస్తారు. ఈ నెల వార్డులో ఎంతమంది కోలుకున్నారో లెక్కపెట్టి ఇవ్వరు. రోగి కోలుకోవడములో జబ్బు ముదురుడు, వయస్సు, ఎంత ఆలస్యముగా వచ్చాడు అన్నవి అన్నీ ఉంటాయి. నర్సు చేతిలో ఉన్నది వేళకు మందు ఇవ్వడము, పుండ్లు పడకుండా రోగిని పక్కకు తిప్పడము, చేతులు కడుక్కోవడము. మార్కులు కూడా అటువంటివే. ప్రశ్నపత్రము, దిద్దేవారు, ఆ రోజు బిడ్డ ఆరోగ్యము అన్నీ కలిస్తే మార్కు వస్తుంది. బిడ్డ చేతిలో ఉన్నది రోజువారీ చదువు ఒక్కటే.

ప్రజారోగ్యములో కూడా ఇదే పద్ధతి. 2005లో వచ్చిన జననీ సురక్షా యోజనలో తల్లి ఆసుపత్రిలో పురుడు పోసుకున్నందుకు డబ్బు ఇస్తారు. పుట్టిన బిడ్డ ఇన్ని కిలోలు ఉంటేనే ఇస్తామని అనరు. ఆసుపత్రికి రావడము తల్లి చేయగలిగిన పని. టి.బి. రోగికి 2018 నుండి నిక్షయ్ పోషణ్ యోజన క్రింద పోషకాహారానికి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుండి దానిని 1,000 చేశారు. నయమైన తరువాత బహుమతిగా కాదు, మందులు మింగుతున్న నెలల్లోనే ఇస్తారు. అవసరము అప్పుడే ఉంటుంది గనుక.

మా నర్సింగ్ స్కూలులో దీపారాధన దినాన థియరీలో మొదటి మార్కు వచ్చిన విద్యార్థినికి ఒక బహుమతి, రోగి పడక దగ్గర బాగా సేవ చేసిన విద్యార్థినికి మరొక బహుమతి ఇస్తాము. రెండవది ఇచ్చేటప్పుడు పరీక్ష పేపర్లు చూడము. వార్డు సిస్టర్లను అడుగుతాము. ఆ బహుమతి ఉందని తెలిసిన దగ్గర నుండి మార్కుల్లో వెనుకబడిన అమ్మాయిలు కూడా తల ఎత్తుకొని వార్డుకు వస్తారు. దానిని గెలవడానికి కావలసినది ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉంది కదా.

కాబట్టి ఇంట్లో మాట పెట్టుకోవాలనుకుంటే మార్కు మీద పెట్టవద్దు. పని మీద పెట్టండి. రోజూ సాయంత్రము గంటసేపు టీవీ కట్టేసి చదవడము, లెక్కలలో రానిది మరునాడు టీచరును అడిగి రావడము, వారానికి ఒక కథల పుస్తకము చదవడము, బడి మానకుండా వెళ్ళడము. ఇటువంటివి చేసినప్పుడు ఆ వారములోనే గుర్తించండి. షికాగో ప్రాంతపు బడులలో 2016లో వెలువడిన మరొక పరిశోధనలో, పరీక్ష ముగియగానే చేతికి ఇచ్చే బహుమానము ఉన్నప్పుడు పిల్లలు ఎక్కువ శ్రద్ధ పెట్టారు. నెల తరువాత ఇస్తామన్నది ఏమీ పనిచేయలేదు. చిన్నపిల్లలకు చవకైన చిన్న కప్పు కూడా చాలింది. జూన్‌లో బడి తెరిచినప్పుడు "వచ్చే ఏప్రిల్‌లో బండి" అని చెప్పే తండ్రులు ఇది ఆలోచించాలి.

4. ఇవ్వకూడని బహుమానాలు

బండి: పది పాసైన బిడ్డకు 15 లేక 16 ఏళ్ళు ఉంటాయి. గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి 18 నిండి లైసెన్సు ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టము ప్రకారము మైనరు బండి నడిపి నేరము చేస్తే తండ్రికి గాని బండి యజమానికి గాని 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. చట్టము సంగతి అలా ఉంచండి. హెల్మెట్ లేకుండా తలకు దెబ్బ తగిలి వచ్చిన పిల్లవాని పక్కన రాత్రంతా కూర్చున్న తల్లికి ఆ మార్కులు గుర్తుండవు. బండి ఎంత మంచి మార్కులకైనా తగిన బహుమానము కాదు.

సొంత ఫోను: చదువుకు అవసరమైతే ఇంటి ఫోను హాలులో కూర్చొని వాడుకోవచ్చు. బహుమానంగా ఇచ్చిన ఫోను "నాది" అవుతుంది. రాత్రి దుప్పటిలోకి వెళ్తుంది. తరువాత తీసుకోవాలంటే ఇంట్లో గొడవ.

తిండి: మంచి మార్కులకు కూల్‌డ్రింకు, ఐస్‌క్రీము, చాక్లెట్ ఇవ్వడము చాలా ఇండ్లలో అలవాటు. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు సీసాలో టీ చెంచాతో సుమారు 5 లేక 6 చెంచాల చక్కెర ఉంటుంది. బహుమానంగా ఇచ్చిన తిండి మీద పిల్లలకు మక్కువ మరింత పెరుగుతుందని 1980లోనే పరిశోధనలో తేలింది. కష్టము వచ్చినా సంతోషము వచ్చినా తీపి తినాలనే అలవాటు పెద్దయ్యాక కూడా వదలదు. పండుగకు అందరూ కలిసి తినే పాయసము వేరు. మార్కుకు ముడిపెట్టిన తీపి వేరు. అలాగే మార్కులు రాలేదని అన్నము పెట్టకపోవడము, పండుగ బట్టలు ఆపడము ఎన్నడూ చేయవద్దు. అన్నము, బట్ట, ఆట బిడ్డకు చెందవలసినవే. వాటిని బహుమానాల లెక్కలోకి తేవద్దు.

నిద్ర కొట్టివేసే పందెము: 13 నుండి 18 ఏళ్ళ పిల్లలకు రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. 6 నుండి 12 ఏళ్ళ వారికి 9 నుండి 12 గంటలు కావాలి. పగలు చదివినది మెదడులో కుదురుకొనేది నిద్రలోనే. బహుమానము కొరకు తెల్లవార్లు మేల్కొనే పిల్లవాడు చదివినది నిలుపుకోలేడు. అటువంటి పందెము ఏ ఇంట్లో ఉన్నా దానిని వెంటనే ఎత్తివేయండి.

అన్నదమ్ముల మధ్య పోటీ: ఒక బిడ్డకు వాచీ ఇచ్చి, "అన్నను చూసి నేర్చుకో" అని రెండవ బిడ్డతో అనవద్దు. వాచీ ఏడాదికి పాడవుతుంది. ఆ మాట పాడవదు.

5. ఇవ్వదగినవి, పలకవలసిన మాటలు

ఇవ్వదగినవాటికి ఎక్కువ ఖర్చు లేదు. బిడ్డ కోరుకున్న పుస్తకము. మంచి పెన్ను, జామెట్రీ బాక్సు. తండ్రితో కలిసి ఒక రోజు నానమ్మ ఊరికి ప్రయాణము. ఆదివారము ఇంటిల్లిపాది ఏమి వండుకోవాలో నిర్ణయించే వంతు. పొరుగింటి వారి ముందు కాకుండా బిడ్డ ఒంటరిగా ఉన్నప్పుడు భుజము మీద చేయి వేసి చెప్పే ఒక మంచి మాట. రోజు కూలికి వెళ్ళే తల్లిదండ్రులు కూడా ఇవి ఇవ్వగలరు. చదువురాని తల్లి కూడా "ఈ రోజు ఏమి చెప్పారు బంగారం, నాకు చెప్పు" అని కూర్చొని వినగలదు. బిడ్డ తల్లికి చెప్పేటప్పుడు తన పాఠము తానే రెండవసారి నేర్చుకుంటాడు.

మాటలు ఎలా ఉండాలో కొన్ని ఉదాహరణలు:

"మా అమ్మాయి పుట్టుకతోనే తెలివిగలది" అనే బదులు: "పోయినసారి సైన్సులో బొమ్మలు రాలేదని రోజూ గీశావు. అందుకే ఈసారి వచ్చాయి తల్లీ."

"ఏరా, ఎన్ని వచ్చాయి? పక్కింటి వాడికి ఎన్ని?" అనే బదులు: "పేపరు ఎలా ఉంది నాన్నా? ఏది కష్టమనిపించింది?"

"తొంభైయే వచ్చాయా? మిగతా పది ఏవి?" అనే బదులు: "తొంభై వచ్చాయి, సంతోషము. తప్పు పోయినవి రేపు నెమ్మదిగా చూద్దాము."

మొదటి మాట మార్కును చూస్తుంది. రెండవ మాట బిడ్డను చూస్తుంది.

6. మార్కులు రాని బిడ్డ

బహుమానాల గూర్చి ఎంత వ్రాసినా అసలు పరీక్ష ఇక్కడే. మన దేశములో 2022లో 13,000 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్యకు పాల్పడ్డారని జాతీయ నేర నమోదు విభాగము లెక్కలు చెబుతున్నాయి. ప్రతి మరణానికీ మార్కులే కారణమని చెప్పలేము. ఒక్క కారణముతో ఇటువంటివి జరగవు. కాని ఫలితాల రోజులు ప్రమాదకరమైన రోజులని ఆసుపత్రిలో పనిచేసే మాకు తెలుసు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత ఏమి జరిగిందో మీకు జ్ఞాపకము ఉండవచ్చు. ఫలితాలలో తప్పులు దొర్లాయి. పలువురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా అని వచ్చింది. మరలా చూస్తే 99 మార్కులు ఉన్నాయి. ఆ సున్నా చూసిన రాత్రి ఆ బిడ్డ ఎవరు? 99 చూసిన ఉదయము ఎవరు? అదే అమ్మాయి. అంకె మారింది, అంతే. బిడ్డ విలువను అంకెకు కట్టిన పందెము ఎంత బలహీనమైనదో చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యము అవసరము లేదు.

ఫలితాలకు ముందు: వారము ముందే బిడ్డతో, "ఎన్ని వచ్చినా ఆ రోజు రాత్రి మనమందరము కలిసే భోంచేస్తాము" అని చెప్పండి. ఇంట్లో ఏదైనా పందెము ఉంటే ఆ వారములో దానిని రద్దు చేయండి. పురుగుల మందు, పెద్దల నిద్రమాత్రలు వంటివి తాళము వేసి పెట్టండి.

ఫలితాల రోజు: బిడ్డను ఒంటరిగా వదలవద్దు. బంధువుల ఫోనులు మీరే మాట్లాడండి. మార్కులు వాట్సాప్‌లో పెట్టవద్దు, మంచివి వచ్చినా సరే. తక్కువ వచ్చిన మేనత్త కొడుకు కూడా అది చూస్తాడు.

ఫలితాల తరువాత: ఫెయిలైతే దారి మూసుకుపోలేదని చెప్పండి. రీకౌంటింగ్ ఉంది, సప్లిమెంటరీ పరీక్షలు కొద్ది వారాలలోనే ఉంటాయి, పాసైతే సంవత్సరము పోదు. ఆఖరు తేదీలు కాగితము మీద వ్రాసి గోడకు అంటించండి. చేయవలసిన పని కనబడితే మనస్సు కొంత కుదుటపడుతుంది.

గమనించవలసిన గుర్తులు: ఎవరితోనూ మాట్లాడకపోవడము, తిండి మానడము, ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచి ఇవ్వడము, "నేను లేకపోతే మీకు బాగుంటుంది" వంటి మాటలు. ఇవి కనబడితే నేరుగా, కోపము లేకుండా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడవద్దు. అడిగితే బిడ్డ మనసులోని బరువు దిగుతుంది. తరువాత బిడ్డను విడవకుండా ఆసుపత్రికి తీసుకురండి. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితముగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

7. బడిలో, సండేస్కూలులో

ఉపాధ్యాయులకు ఒక మనవి. విశాఖపట్నములో చదువుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయవద్దని, అందరి ముందు అవమానించవద్దని, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టవద్దని చెప్పింది. 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న సంస్థలలో అర్హత గల కౌన్సిలరు ఉండాలని చెప్పింది. సి.బి.ఎస్.ఇ. కూడా అనారోగ్యకరమైన పోటీ వద్దని 2023లో డివిజన్లు, టాపర్ల జాబితా ప్రకటించలేదు.

స్కూలు వార్షికోత్సవానికి, వి.బి.ఎస్. ముగింపుకు బహుమతులు కొనేవారు మొదటి ముగ్గురికే కొనకుండా మరి కొన్ని రకాలు చేర్చండి. ఒక్కరోజు కూడా మానని బిడ్డ, పోయినసారి కంటె మెరుగుపడిన బిడ్డ, వెనుకబడిన స్నేహితునికి నేర్పించిన బిడ్డ, వీరికి కూడా వేదిక మీద చోటు ఇవ్వండి. కంఠత వాక్యాలకు బహుమతి ఇచ్చేటప్పుడు నత్తి ఉన్న బిడ్డ, చదవడము ఆలస్యముగా వచ్చే బిడ్డ గుర్తుకు రావాలి. ఎంత ప్రయత్నించినా చదువు రాని బిడ్డను సోమరి అనకముందు చూపు, వినికిడి, రక్తహీనత పరీక్ష చేయించండి. బోర్డు కనబడని బిడ్డకు కావలసినది కళ్ళజోడు. ఏ బహుమానమూ ఆ పని చేయదు.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయాలు

1. ముందుగా పెట్టే పందెము కంటె తరువాత ఇచ్చే మెప్పు మేలు.
2. మాట పెట్టుకోవాలంటే బిడ్డ చేతిలో ఉన్న పని మీద పెట్టండి, మార్కు మీద వద్దు.
3. బహుమానము చిన్నదిగా, త్వరగా ఉండాలి.
4. బండి, సొంత ఫోను, తీపి తిండి మార్కులకు ఇవ్వవద్దు.
5. తెలివిని పొగడవద్దు, చేసిన కృషిని పేరుపెట్టి మెచ్చుకోండి.
6. అన్నము, నిద్ర, ఆట, ప్రేమ మార్కుల మీద ఆధారపడకూడదు.
7. ఫలితాల రోజు బిడ్డను ఒంటరిగా వదలవద్దు. అవసరమైతే 14416.

ఇంట్లోను, తల్లుల కూడికలోను చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మన ఇంట్లో ప్రస్తుతము ఏవైనా పందేలు ఉన్నాయా? అవి మార్కు మీద ఉన్నాయా, పని మీద ఉన్నాయా?
2. నిన్న మన బిడ్డతో మాట్లాడిన మాటలలో మార్కుల గూర్చినవి ఎన్ని, మిగతావి ఎన్ని?
3. మన బిడ్డ ఈ వారములో కష్టపడి చేసిన ఒక పని పేరు చెప్పగలమా?
4. మన వీధిలో మార్కులు తక్కువ వచ్చిన బిడ్డ ఎవరు? ఆ ఇంటికి వెళ్ళి ఏమి మాట్లాడితే బాగుంటుంది?

నాలుగో ప్రశ్నకు జవాబు దొరికినవారు ఫలితాలు వచ్చిన సాయంత్రము ఆ ఇంటికి వెళ్ళి రండి. మార్కుల మాట ఎత్తకుండా, ఒక కప్పు టీ తాగి రండి. అవసరమనిపిస్తే ఆ బిడ్డను వెంటబెట్టుకొని మా ఓ.పి.కి తీసుకురండి. పిల్లలతో విడిగా కూర్చొని మాట్లాడడానికి మా సిస్టర్లు సిద్ధముగా ఉంటారు.